టికెట్‌లో లేని ప్రశ్నలు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఈ-కామర్స్ కంపెనీలో ఎనిమిది నెలలుగా ప్రొడక్ట్ మేనేజర్‌గా చేస్తున్నాను. అంతకుముందు ఎంబీఏ, ఆ తర్వాత సేల్స్. కోడింగ్ రాదు. టీమ్‌లో ఆరుగురు డెవలపర్లు, ఒక క్యూఏ (టెస్టింగ్ చేసే మనిషి). "రిఫండ్ స్టేటస్ కస్టమర్‌కి యాప్‌లో కనిపించాలి" అని టికెట్ (చేయాల్సిన పని వివరం) రాసి, ఫిగ్మాలో గీసిన స్క్రీన్ డిజైన్ కూడా జత చేశాను. మొదట రెండు రోజులన్నారు, ప్లానింగ్‌లో రెండు వారాలన్నారు, ఇప్పుడు మూడు వారాలంటున్నారు. "టికెట్‌లో క్లారిటీ లేదు" అని టెక్ లీడ్ జిరాలో (టికెట్లు పెట్టుకునే టూల్‌లో) కామెంట్ పెడతాడు, నేను జవాబు రాస్తాను, అలా ఇరవై కామెంట్లయ్యాయి. ఈలోగా సేల్స్ హెడ్ పెద్ద సెల్లర్లకి 25వ తేదీ అని మాటిచ్చేశారు. మా మేనేజరేమో ఇంకో ఇద్దరు డెవలపర్లని ఇస్తానంటున్నారు. ఏఐ టూల్‌తో నేనే ఒక్క సాయంత్రంలో స్క్రీన్ తయారుచేసి చూపిస్తే అందరి మొహాలూ మాడిపోయాయి. పైథాన్ కోర్సులో చేరితే నా మాటకి విలువ వస్తుందా?
— ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: పైథాన్ సంగతి చివర్లో చూద్దాం. చిక్కంతా ఆ టికెట్‌లోనే ఉంది కాబట్టి ముందు దాన్ని విప్పుదాం.

"రిఫండ్ స్టేటస్ కస్టమర్‌కి యాప్‌లో కనిపించాలి." మీకిది ఒక స్క్రీన్. కోడ్ రాయబోయే మనిషికి మాత్రం మొదటి వరుస దగ్గరే ఆగిపోయే ప్రశ్న ఒకటి ఎదురవుతుంది: ఏ రిఫండ్? "నా డబ్బు వెనక్కి రాలేదు" అని కస్టమర్ అనేది రెండు వేర్వేరు సందర్భాల్లో. మొదటి సందర్భంలో అతను ఆర్డర్ క్యాన్సిల్ చేశాడు, లేదా వస్తువు తిప్పి పంపాడు. అప్పుడు మీ సిస్టమ్ పేమెంట్ గేట్‌వేకి (మీకూ బ్యాంకులకీ మధ్య చెల్లింపులు నడిపే సంస్థకి) రిఫండ్ రిక్వెస్ట్ పంపుతుంది. దానికో ఐడీ ఉంటుంది, ఆ ఐడీ పట్టుకుని స్టేటస్ కనుక్కోవచ్చు. రెండో సందర్భంలో యూపీఐలో డబ్బు కట్ అయింది, మీకు కన్ఫర్మేషన్ రాలేదు, అసలు ఆర్డరే పడలేదు. అక్కడ మీరిచ్చే రిఫండంటూ ఏమీ లేదు, అది బ్యాంకుల వైపు సర్దుకోవాల్సిన వ్యవహారం. 2019 సెప్టెంబరు నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం అలాంటి డబ్బు, లావాదేవీ జరిగాక 5 రోజుల్లోగా దానంతటదే కస్టమర్ ఖాతాకి తిరిగి రావాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. ఈ రెండో రకానికి మీ డేటాబేస్‌లో రిఫండ్ రికార్డే ఉండదు. కస్టమర్‌కి మాత్రం రెండూ ఒకటే, రెండింటికీ అతను తెరిచి చూసేది మీ స్క్రీనే. అక్కడ ఏం కనిపించాలో మీ టికెట్ చెప్పలేదు.

తర్వాత క్యాష్ ఆన్ డెలివరీ. నగదు ఇచ్చి తీసుకున్న వస్తువుని వెనక్కిస్తే డబ్బు ఎక్కడికి పంపాలి? వెనక్కి పంపడానికి పాత పేమెంటే లేదు. కస్టమర్ నుంచి యూపీఐ ఐడీయో ఖాతా నంబరో తీసుకోవాలి, అది సరైనదో కాదో చూసుకోవాలి. లేదంటే వాలెట్‌లో వేయాలి. ఇదొక్కటే విడిగా ఒక ప్రాజెక్టు.

ఇక గేట్‌వే నుంచి వచ్చే కబురు, అంటే వెబ్‌హుక్. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి రావచ్చు, గంటల తరబడి రాకపోనూ వచ్చు. సాధారణంగా గేట్‌వేల డాక్యుమెంటేషన్‌లోనే ఇది రాసి ఉంటుంది. "అయింది" అన్న కబురు ముందొచ్చి, "ప్రాసెసింగ్‌లో ఉంది" అన్నది తర్వాత వస్తే స్క్రీన్ వెనక్కి నడుస్తుంది. అది చూసిన కస్టమర్, ఇచ్చిన డబ్బు మళ్లీ లాక్కున్నారనుకుంటాడు. దీన్ని అడ్డుకునే కోడ్, దాన్ని పరీక్షించే కోడ్, గేట్‌వే మూగనోము పడితే మన వైపు నుంచే వెళ్లి అడిగే ప్రోగ్రామ్, ఇవేవీ మీ ఫిగ్మాలో కనపడవు. రోజులు తినేది ఇవే.

ఇంకో చిన్న మెలిక. గేట్‌వే "ప్రాసెస్డ్" అందంటే కస్టమర్ ఖాతాలో పడిందని కాదు. కార్డు రిఫండైతే బ్యాంకు దాన్ని ఖాతాలో చూపించడానికి మరికొన్ని పని దినాలు పట్టడం మామూలే. మీ డిజైన్‌లో పచ్చ టిక్ పెట్టి "డబ్బు జమ అయింది" అని రాశారనుకోండి, కస్టమర్ వెంటనే బ్యాంకు యాప్ తెరుస్తాడు, అక్కడ ఏమీ ఉండదు, అంతకుముందు చేయని ఫోన్ ఇప్పుడు చేస్తాడు. "మీ బ్యాంకుకు పంపాం" అని రాసి, కింద రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి. యూపీఐకైతే అది 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్, కార్డుకైతే ఏఆర్‌ఎన్. అది పట్టుకుని అతను బ్యాంకుని అడగగలడు. ఈ వాక్యం మార్పు డెవలపర్ చేయడు. మీ పని ఇది. ఆ నంబర్ గేట్‌వే నుంచి మనకి అందుతోందా, దాన్ని భద్రపరుస్తున్నామా అన్నది మాత్రం డెవలపరే చెప్పాలి.

(యాప్ తెలుగులోనూ ఉంటే ఒక మాట. ఇంగ్లిష్‌కి సరిపోయిన బటన్‌లో తెలుగు వాక్యం పట్టదు. వరుసల ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. "ప్రాసెసింగ్" లాంటి మాటతో డిజైన్ దశలోనే ఒకసారి చూసుకోండి, లేకపోతే ఇది రిలీజ్ ముందురోజు బగ్‌గా వస్తుంది.)

మీరు తేల్చని ప్రతి ప్రశ్ననీ చివరికి ఎవరో ఒకరు తేల్చాల్సిందే. డెవలపర్ జాగ్రత్తపరుడైతే ఆగి అడుగుతాడు, అప్పుడు పని ఆలస్యమైనట్టు కనిపిస్తుంది. తొందరపాటు మనిషైతే తనకి తోచినట్టు రాసేస్తాడు, అప్పుడు డెమోలో మీరు "ఇలా కాదు కదా" అంటారు, అతను "టికెట్‌లో లేదు కదా" అంటాడు. మీ టెక్ లీడ్ మొదటి రకం. ఆ ఇరవై కామెంట్లు చదవడానికి చిరాకుగానే ఉంటాయి గానీ, రెండో రకం టెక్ లీడ్ ఉంటే ఈపాటికి మీ నష్టం ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో ఉండేది.

కాబట్టి ఆ కామెంట్లన్నీ ఒక పేజీలోకి ఎత్తి మూడు కుప్పలు చేయండి. మీరు తేల్చాల్సినవి: ఎవరికి చూపించాలి, ఏ మాటల్లో, ఏ సందర్భాన్ని వదిలేయవచ్చు. డెవలపర్లు తేల్చాల్సినవి: డేటా ఎక్కడ దాచాలి, గేట్‌వేని ఎన్ని నిమిషాలకోసారి అడగాలి, యాప్‌లో చేయాలా సర్వర్‌లో చేయాలా. మీ ఇద్దరి చేతుల్లోనూ లేనివి: డెలివరీ ఛార్జీ తిరిగివ్వాలా అన్నది ఫైనాన్స్ చెప్పాలి, పాత రిఫండ్ల వివరాలు ఎన్నాళ్ల వరకు దొరుకుతాయన్నది గేట్‌వే వాళ్లు చెప్పాలి. ఈ మూడో కుప్ప వెంట తిరగడమే మీ ఉద్యోగంలో సగం. ఫైనాన్స్ నుంచి జవాబు రాబట్టలేక డెవలపర్‌ని తొందరపెట్టే పీఎంని (ప్రొడక్ట్ మేనేజర్‌ని) ఏ టీమూ గౌరవించదు.

ఇప్పుడు అదే టికెట్ ఇలా ఉంటుంది:

సమస్య: రిఫండ్ ఎక్కడుందో తెలియక కస్టమర్లు ఫోన్ చేస్తున్నారు. (గత నెల అలాంటి కాల్స్ ఎన్నో కస్టమర్ కేర్‌ని అడిగి ఆ అంకె ఇక్కడ వేయండి.)
ఎవరికి: ముందే డబ్బు కట్టి, తర్వాత ఆర్డర్ క్యాన్సిల్ లేదా రిటర్న్ చేసినవాళ్లకి.
ఈ విడతలో లేనివి: క్యాష్ ఆన్ డెలివరీ రిటర్న్‌లు, ఆర్డర్ పడని ఫెయిల్డ్ పేమెంట్లు, నోటిఫికేషన్లు, విడుదలకి ముందు మొదలైన రిఫండ్లు.
కనిపించే స్థితులు: "రిఫండ్ మొదలైంది", "మీ బ్యాంకుకు పంపాం" (రిఫరెన్స్ నంబర్‌తో), "ఆలస్యమవుతోంది, మేం చూస్తున్నాం".
ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వస్తే: రెండోదాన్ని పట్టించుకోకూడదు.
పాత స్థితి తర్వాత వస్తే: స్క్రీన్ వెనక్కి వెళ్లకూడదు.
48 గంటలు ఏ కబురూ రాకపోతే: మనమే గేట్‌వేని అడగాలి, అప్పటికీ తేలకపోతే మూడో స్థితి.
మూడు వస్తువుల్లో ఒకటే వెనక్కిస్తే: ఆ వస్తువు కిందే, దాని మొత్తమే.
రిఫండ్ ఫెయిలైతే: కస్టమర్‌కి మూడో స్థితి, ఆపరేషన్స్ టీమ్ జాబితాలోకి ఒక ఎంట్రీ.
ఇంకా తేలనివి: డెలివరీ ఛార్జీ (ఫైనాన్స్ నుంచి నేను గురువారంలోగా తెస్తాను).

ఒక పేజీ దాటలేదు చూడండి. నలభై పేజీల పీఆర్‌డీ (ప్రొడక్ట్ ఎలా ఉండాలో చెప్పే పత్రం) రాయమని ఎవరూ అడగడం లేదు, రాసినా ఎవరూ చదవరు. ఇందులో బరువైన పంక్తి "ఈ విడతలో లేనివి". అది లేకపోతే ప్రతి డెవలపర్ తన మనసులో ఉన్నంత పెద్ద ఫీచర్‌కి అంచనా వేస్తాడు. ఒకరు క్యాష్ ఆన్ డెలివరీ కలుపుకుని వేస్తే ఇంకొకరు కలపకుండా వేస్తారు. మీ రెండు రోజులు, రెండు వారాలు, మూడు వారాలు బహుశా మూడు వేర్వేరు ఫీచర్ల అంచనాలు.

జాగ్రత్త ఒకటి. ఈ వివరం చూసిన ఉత్సాహంలో "రిఫండ్స్ టేబుల్‌లో కొత్త కాలమ్ పెట్టాలి", "ఫలానా ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని అడిగే దారి) వాడాలి" అని రాయకండి. ఏం జరగాలో రాయండి, ఎలా చేయాలో వాళ్లకి వదిలేయండి. "ఎలా" కూడా మీరే రాస్తే, అది తప్పని తెలిసినా కొందరు మౌనంగా అలాగే చేసిపెడతారు. ఆ మౌనం చాలా ఖరీదు.

ఈ పేజీ ఎప్పుడు రాయాలన్నది ఎలా రాయాలన్నంత ముఖ్యం. మీరు ఫిగ్మా పూర్తిచేసి, పైవాళ్లకి చూపించి, సరేననిపించుకుని, అప్పుడు టీమ్ దగ్గరికి వెళ్లారు. ఆ దశలో డెవలపర్ ఏ ప్రశ్న అడిగినా అది అభ్యంతరంలాగే వినిపిస్తుంది. వచ్చేసారి డిజైన్ గీయకముందే టెక్ లీడ్‌నీ క్యూఏనీ అరగంట కూర్చోబెట్టండి. కస్టమర్ కాల్ రికార్డింగ్ ఒకటి వినిపించి, "దీన్ని తగ్గించాలి, మీకు ఏం తోస్తోంది" అని అడగండి. క్యూఏని మరవొద్దు, "ఇలా అయితే?" అని అడగడమే ఆ మనిషి వృత్తి. పై జాబితాలో సగం ఆ అరగంటలోనే బయటపడుతుంది. ఒక్కోసారి అంతకన్నా మంచిది జరుగుతుంది: "మేడం, ఈ డేటా ఇప్పటికే ఆపరేషన్స్ వాళ్ల స్క్రీన్‌లో వస్తోంది, దాన్నే యాప్‌లో చూపిస్తే చాలదా?" అని ఒకరు అంటారు, వారం మిగులుతుంది.

ఇప్పుడు అంచనాలు. డెవలపర్ నోట "రెండు రోజులు" అన్న మాట వచ్చినప్పుడు అది చాలావరకు కీబోర్డు మీద చేతులుండే కాలం. క్యాలెండర్ మీద అది ఇలా సాగుతుంది: కోడ్ 2 రోజులు, టెస్టులు 1, తోటివాళ్ల రివ్యూ, దాని దిద్దుబాట్లు 1, స్టేజింగ్‌లో (విడుదలకి ముందు పరీక్షించే సిస్టమ్‌లో) పెట్టి గేట్‌వే టెస్ట్ ఎకౌంట్‌తో సరిచూడటం 1, క్యూఏ 2, దొరికిన బగ్స్ 1. మొత్తం 8. ఎవరూ అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్నకీ ఆయన జవాబిచ్చిన ప్రశ్నకీ తేడా ఉందంతే. ఇకమీద "ఎన్ని రోజులు?" అని వదిలేయకుండా "కస్టమర్ ఫోన్‌లోకి వచ్చేసరికి ఎన్ని పని దినాలు? అందులో ఎవరి కోసం ఆగాల్సి వస్తుంది?" అని అడగండి. ఒక్క అంకె తీసుకోకండి. అన్నీ కుదిరితే ఎంత, మామూలుగా ఎంత, గేట్‌వే మొండికేస్తే ఎంత అని మూడు తీసుకోండి. మొదటికీ మూడోదానికీ మధ్య రెట్టింపు కంటే ఎక్కువ తేడా ఉందంటే వాళ్లకి తెలియనిదేదో ఉందన్నమాట. అప్పుడు అంచనా కోసం ఒత్తిడి పెట్టకుండా ఒకరికి రెండు రోజులు కేటాయించి, "ఈ గేట్‌వే పాక్షిక రిఫండ్లకి వస్తువు వారీగా వివరం పంపుతుందా" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు తెమ్మనండి. దాన్ని స్పైక్ అంటారని మీరు వినే ఉంటారు. రెండు రోజులు అయ్యాక జవాబు దొరికినా దొరకకపోయినా ఆపేయడం అందులో షరతు.

"కొంచెం తగ్గించండి, ప్లీజ్" అని అంచనాని బేరమాడకండి. బేరమాడితే తగ్గిస్తారు కూడా. తగ్గేది మాత్రం పని కాదు, టెస్టులు. వచ్చేసారి ఆ బేరానికి సరిపడా ముందే కలిపి చెబుతారు. బేరం పెట్టాల్సింది పని పరిమాణం మీద.

మీ స్ప్రింట్ (టీమ్ పనిని విడగొట్టుకునే రెండు వారాల విడత) లెక్క కూడా ఒకసారి చూడండి. ఆరుగురు, రెండు వారాలు, అంటే 60 పని దినాలని ఎక్సెల్‌లో వేసి ఉంటారు. ఒకరు ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉంటే 10 పోయాయి. సెలవులు నాలుగు అనుకుంటే 46. స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగ్), ప్లానింగ్, రెట్రో (స్ప్రింట్ చివరి సమీక్ష), ఇంటర్వ్యూలు, ఒకరి కోడ్ ఒకరు రివ్యూ చేయడం, ఇవన్నీ రోజులో అయిదో వంతు తింటే చేతికొచ్చేది 37. సంక్రాంతి వారమైతే ఆ 37 కూడా ఆశించకండి, భోగి ముందురోజుకే సగం టీమ్ ఊళ్లో ఉంటుంది. ఆ వారంలో డెడ్‌లైన్ పెట్టే పీఎం ఎవరో కొత్తవాళ్లని అందరికీ తెలిసిపోతుంది.

25వ తేదీ. ముందు ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో సేల్స్ హెడ్‌ని అడగండి. తేదీల్లో రెండు రకాలుంటాయి. దసరా సేల్ మొదలయ్యే రోజు, రెగ్యులేటర్ పెట్టిన గడువు, ఇవి కదలవు. "సెల్లర్ ఎప్పుడని అడిగారు, నెలాఖరులోపు అన్నాను" అన్న రకం కదులుతుంది, కదిపే ప్రయత్నం ఎవరూ చేయకపోవడమే దాని బలం. మీది రెండోదే అయ్యుంటుందని మా అనుమానం. ఎందుకంటే రిఫండ్ స్టేటస్ కస్టమర్ స్క్రీన్ మీద కనిపిస్తే సెల్లర్‌కి ఒరిగేది తన మీద ఫిర్యాదులు తగ్గడమే. దానికి మొదటి రోజే మొత్తం ఫీచర్ అక్కర్లేదు.

ఏ రకమైనా, ఆ తేదీని టీమ్ దగ్గరికి ఉన్నదున్నట్టు తీసుకెళ్లండి: "సేల్స్ మాటిచ్చారు, మనల్ని అడగలేదు, అది సరికాదని నేను చెప్పాను. 25కి ఏది ఇవ్వగలం?" మీరే పెట్టిన తేదీలాగా నటిస్తే అదొకరోజు బయటపడుతుంది. ఆ తర్వాత నిజమైన డెడ్‌లైన్‌ని కూడా నమ్మరు.

25కి ఇవ్వదగ్గది ఏముంటుందో మేమే ఒక కోత సూచిస్తాం, మీ టెక్ లీడ్ మాకంటే బాగా కోయగలడు. యూపీఐతో కట్టిన ఆర్డర్లకే, మొదటి రెండు స్థితులే. మూడో స్థితి బదులు కస్టమర్ కేర్‌కి వెళ్లే బటన్. నోటిఫికేషన్ లేదు. కార్డు, నెట్ బ్యాంకింగ్ రెండో విడత. రెండుసార్లు వచ్చే వెబ్‌హుక్‌ని వదిలేసే కోడ్ మాత్రం ఈ కోతలో పోకూడదు. డబ్బు వ్యవహారంలో అది అలంకారం కాదు.

తేదీ చెప్పేటప్పుడు యాప్ విడుదల ఎలా జరుగుతుందో కూడా కలుపుకోండి. ఆపిల్ యాప్ స్టోర్‌లో దశలవారీ విడుదల ఎంచుకుంటే ఆటోమేటిక్ అప్‌డేట్ మొదటి రోజు 1 శాతానికి, తర్వాత 2, 5, 10, 20, 50 శాతాలకి వెళ్లి, ఏడో రోజుకి అందరికీ అందుతుంది. గూగుల్ ప్లేలో ఆ శాతాన్ని మీరే పెంచుకుంటూ పోవచ్చు. వీటికి ముందు స్టోర్ రివ్యూ. అంటే 25న "అందరికీ" కావాలంటే కోడ్ 16, 17 తేదీలకల్లా అయిపోవాలి. సర్వర్ వైపు ఒక ఫీచర్ ఫ్లాగ్, అంటే ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ పెట్టమని అడగండి. ఏదైనా తేడా కొడితే యాప్‌ని మళ్లీ విడుదల చేయకుండా ఆపేయవచ్చు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆ ఫ్లాగ్ ముట్టుకోవద్దు.

సేల్స్ హెడ్‌కి పంపాల్సిన మెసేజ్ ఇంత చాలు: "25న యూపీఐ ఆర్డర్ల రిఫండ్ స్టేటస్ మొదలవుతుంది, 31 నాటికి యూపీఐ కస్టమర్లందరికీ వస్తుంది. కార్డులది వచ్చే నెల రెండో వారంలో, కచ్చితమైన తేదీ 28న చెబుతాను. సెల్లర్లకి ఇదే చెప్పండి." తేదీలు మీ టీమ్ ఒప్పుకున్నవి వేసుకోండి. "త్వరలో", "ప్రయత్నిస్తున్నాం" అని రాస్తే ఆయన మళ్లీ తన తేదీనే సెల్లర్లకి చెబుతారు.

ఇద్దరు కొత్త డెవలపర్లు? ఈ ఫీచర్‌కి వద్దనండి. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, అందులోని లెక్క ఇప్పటికీ మారలేదు. కొత్తవాళ్లకి లాప్‌టాప్, వీపీఎన్, రిపో (కోడ్ భద్రపరిచే చోటు) యాక్సెస్, లోకల్ సెటప్ కుదిరేసరికే వారం గడిచిపోతుంది. వాళ్లకి రిఫండ్ కోడ్ వివరించే మనిషి ఎవరంటే, ఇప్పుడా కోడ్ రాస్తున్న మనిషే. మీ మేనేజర్ ఉదారంగా ఉన్నప్పుడు వాళ్లని వచ్చే క్వార్టర్‌కి అడిగి పెట్టుకోండి.

ఏఐ డెమో గురించి. స్క్రీన్ చేయడం తప్పేమీ కాదు, మాటలతో అరగంట పట్టేది దానితో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. మొహాలు మాడింది స్క్రీన్‌కి కాదు, దాని వెనక వినిపించిన "నాకు ఒక్క సాయంత్రం పట్టింది, మీకు మూడు వారాలా" అన్న మాటకి. మీరు అనకపోయినా వినిపిస్తుంది. ఆ డెమోలో అన్నీ సజావుగా జరిగిన దారి ఒక్కటే ఉంది. రెండుసార్లు వచ్చే వెబ్‌హుక్ లేదు, లాగిన్ లేదు, పాత వెర్షన్ యాప్ వాడేవాళ్లు లేరు. వచ్చేసారి పైన "నమూనా మాత్రమే, కోడ్ పారేసేది" అని రాసి, మొదటి మాటగా "ఇందులో ఏం తప్పిపోయిందో చెప్పండి" అనండి.

రోజువారీ వ్యవహారానికి వస్తే, జిరాలో ఒకే విషయం మీద మూడో కామెంట్ పడిందంటే అక్కడ రాయడం ఆపి ఫోన్ చేయండి, లేదా డెస్క్ దగ్గరికి నడవండి. పది నిమిషాల్లో తేలుతుంది. తేలినదాన్ని మళ్లీ టికెట్‌లో మూడు వరుసల్లో రాయడం మీ బాధ్యత: ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు. ఈ రెండో సగం ఎగ్గొడితే నెల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

స్లాక్‌లో "హాయ్" అని పెట్టి జవాబు కోసం ఆగకండి. కోడ్‌లో తల దూర్చి ఉన్న మనిషి ఆ ఒక్క మాటకి బయటికొచ్చి, మీరు ఏం అడగబోతున్నారా అని చూస్తూ కూర్చుంటాడు. "ఆర్డర్ ఐడీ ఇది, రిఫండ్ నిన్న మధ్యాహ్నం మొదలైంది, స్టేటస్ మారలేదు. కస్టమర్‌కి సాయంత్రం 5లోగా జవాబివ్వాలి, వీలైనప్పుడు చూడండి" అని ఒకేసారి రాయండి. మీ మీటింగులన్నీ ఉదయమో సాయంత్రమో ఒక వైపుకి నెట్టి, మధ్యాహ్నం మూడు గంటలు టీమ్‌కి వదిలేయండి. అమెరికా వాళ్లతో రాత్రి పదింటికి కాల్‌లో ఉన్న డెవలపర్‌ని పొద్దున తొమ్మిదింటి స్టాండప్‌కి పిలవడం అన్యాయం, పిలిచి కెమెరా ఆన్ చేయమనడం ఇంకా అన్యాయం. అన్నట్టు స్టాండప్ మీకు రిపోర్ట్ ఇచ్చే సభ కాదు. స్క్రమ్ (స్ప్రింట్లతో పనిచేసే పద్ధతి) గైడ్ ప్రకారమే అది డెవలపర్ల కోసం పెట్టుకున్న 15 నిమిషాలు. అందరూ మీ వైపు చూసి మాట్లాడుతున్నారంటే కొన్నాళ్లు వెనక వరుసలో నిలబడండి.

"ఈ కోడ్ పాడైపోయింది, ముందు దీన్ని సరిచేయాలి" అని టీమ్ అడిగినప్పుడు వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి కూడా. మూడు అడగండి: ఏ భాగం, గత మూడు నెలల్లో అక్కడి నుంచి ఎన్ని బగ్స్ వచ్చాయి, సరిచేస్తే రాబోయే ఏ ఫీచర్ ఎంత త్వరగా అవుతుంది. జవాబులుంటే అది కూడా మిగతా పనుల్లాంటి పనే, స్ప్రింట్‌లో చోటివ్వండి. "కోడ్ చూడటానికి బాగాలేదు" తప్ప జవాబు లేకపోతే మర్యాదగా పక్కన పెట్టొచ్చు. డెవలపర్లు చెప్పేదంతా వేదమేమీ కాదు. తమకి నచ్చిన కొత్త ఫ్రేమ్‌వర్క్ కోసం కస్టమర్ పేరు వాడుకునేవాళ్లూ ఉంటారు.

ఇక పైథాన్. ఆసక్తి ఉంటే నేర్చుకోండి, మాట విలువ కోసమైతే ఫీజు దండగ. మీకు అంతకంటే ముందు అక్కరకొచ్చేవి మూడున్నాయి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని క్వెరీలతో, అంటే ప్రశ్నలతో అడిగే భాషలో) సెలెక్ట్, వేర్, గ్రూప్ బై, జాయిన్ వరకు నేర్చుకోండి, వారాంతాలు రెండో మూడో చాలు. దానితో "నిన్న ఎన్ని రిఫండ్లు 48 గంటలు దాటాయి" అని డెవలపర్‌ని అడిగే అవసరం పోతుంది. తర్వాత పోస్ట్‌మ్యాన్‌లో (ఏపీఐలని పరీక్షించే టూల్‌లో) ఒక ఏపీఐని పిలిచి జవాబు చదవడం: 200 అంటే సరిగ్గా వచ్చింది, 400ల్లో ఉంటే అడిగిన తీరులో లోపం, 500ల్లో ఉంటే సర్వర్ వైపు లోపం. బగ్ టికెట్‌లో ఆ జవాబు, సమయం, ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఆర్డర్ ఐడీ అతికిస్తే "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అన్న సంభాషణ చాలావరకు ఉండదు. మూడోది, ఒక రిఫండ్ బటన్ నొక్కడం దగ్గర మొదలై బ్యాంకు దాకా ఎవరి నుంచి ఎవరికి కబురు వెళ్తుందో కాగితం మీద బాణాలతో గీయగలగడం. గీసి టెక్ లీడ్‌కి చూపించి తప్పులు దిద్దించుకోండి.

డేటాబేస్ యాక్సెస్ అడిగేటప్పుడు ప్రొడక్షన్ అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే ఉంచిన డేటాబేస్ నకలు) మీద, ఫోన్ నంబర్లూ ఖాతా వివరాలూ కనపడకుండా మాస్క్ చేసిన వ్యూ ఒకటి చేసివ్వమనండి. క్వెరీకి ఎప్పుడూ తేదీల హద్దు పెట్టండి. మొదట రాసిన రెండు మూడు క్వెరీలు నడిపేముందు ఎవరికైనా చూపించండి, జాయిన్‌లో షరతు మర్చిపోతే పది వరుసలు రావాల్సిన చోట పది లక్షలు వస్తాయి.